దీపాలు మారాయి, బిల్లు ఎందుకు మారలేదు?

అందరికీ నమస్కారం. బిల్డింగుల మెయింటెనెన్స్ చూసేవాళ్ళున్నారు, ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లున్నారు, వెనక వరుసల్లో ఆర్కిటెక్చర్ చదువుతున్న పిల్లలు కూడా కనిపిస్తున్నారు. ముగ్గురికీ పనికొచ్చేలా మాట్లాడటం కొంచెం కష్టమే. అందుకని అందరికీ తగిలే ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ ప్రశ్న అడగని మేనేజరు నాకింకా తారసపడలేదు. "సార్, ట్యూబులైట్లన్నీ పీకేసి ఎల్ఈడీలు వేయించాం. కరెంటు సగానికి సగం తగ్గుతుందన్నారు. తగ్గింది గానీ, చెప్పినంత తగ్గలేదేం?"

నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను. "లైటింగుకి విడిగా మీటరు ఉందా?" ఉండదు. ఏసీలూ లిఫ్టులూ పంపులూ కంప్యూటర్లూ అన్నీ కలిసిన ఒకే బిల్లు. అందులో దీపాల వాటా ఎంతో తెలియకుండా, అది ఎంత తగ్గిందో ఎలా తెలుస్తుంది? కాబట్టి మొదటి మాట ఇదే. లైటింగుకి ఫ్లోరుకి ఒక్కో సబ్ మీటరైనా పెట్టించండి. పెద్ద ఖర్చేం కాదు. అది లేకపోతే ఇవాళ నేను చెప్పేదంతా మీకు ఊహాగానంగానే మిగులుతుంది.

రెండో మాట. మీరు దీపం మార్చారు. బాగుంది. ఆ దీపం ఎంతసేపు వెలుగుతోంది, ఎంత వెలుగుతోంది, ఎవరి కోసం వెలుగుతోంది, ఈ మూడూ మార్చారా? ఎవరూ మార్చరు. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ మూడింటి గురించే.

దీపం సంగతి త్వరగా ముగించేస్తాను, ఎందుకంటే ఆ యుద్ధం అయిపోయింది. పాత ఫిలమెంటు బల్బు వాటుకి 10 నుంచి 15 ల్యూమెన్లు ఇచ్చేది, ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుగుకి కొలత. తీసుకున్న కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోయేది. ట్యూబులైటు వచ్చాక 60 నుంచి 100 దాకా వెళ్ళాం. ఇవాళ మంచి ఎల్ఈడీ ఫిక్సరు, అంటే బిగించే చట్రంతో సహా మొత్తం దీపం, 100 దాటి, 150 దాకా కూడా ఇస్తోంది. ఎర్రటి ఎల్ఈడీ 1962లోనే వచ్చింది, నిక్ హోలోన్యాక్ చేశారు. కానీ తెల్లటి వెలుగు కావాలంటే నీలం ఎల్ఈడీ కావాలి. దాని మీద పసుపు ఫాస్ఫరు పూత వేస్తే రెండూ కలిసి మన కంటికి తెలుపు అవుతుంది. ఆ నీలం కోసం దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మీ ఆఫీసు సీలింగులో ఉన్న ప్యానెల్లో ఉన్నది ఆ నీలమే. సరే, చరిత్ర చాలు.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. మీలో ఎంతమంది దగ్గర లక్స్ మీటరు ఉంది? చేతులెత్తండి. ఒకటి... రెండు... మూడు. ఇంతేనా? దీపాలు కొన్నవాళ్ళు వందమంది, కొలిచినవాళ్ళు ముగ్గురు. చూశారా?

లక్స్ అంటే చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు. దీపం ఎంత ఇస్తోందో ల్యూమెన్ చెబుతుంది, టేబులు మీదికి ఎంత చేరిందో లక్స్ చెబుతుంది. మనిషికి కావాల్సింది టేబులు మీదిదే కదా. యూరప్ ప్రమాణం ఈఎన్ 12464 ప్రకారం చదవడం, రాయడం, కంప్యూటర్ పని చేసే చోట 500 లక్స్. ఫైళ్ళు సర్దే చోట 300. నడవాల్లో 100 చాలు. ఇది గుర్తుపెట్టుకోండి, నడవాల్లో 100.

ఇప్పుడు మామూలుగా ఏం జరుగుతుందో చెబుతాను. పాత ఫిక్సర్లో రెండు 36 వాట్ల ట్యూబులు. ట్యూబు చుట్టూ నాలుగు వైపులా వెలుగు పోతుంది. పైకి పోయింది రిఫ్లెక్టరుకి తగిలి, లూవరు రెక్కలకి తగిలి, దుమ్ముకి తగిలి, మిగిలింది కిందికి వచ్చేది. ట్యూబులో పుట్టిన వెలుగులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, ఫిక్సర్లోనే ఆగిపోయేది. ఎల్ఈడీ ప్యానెల్ అలా కాదు, ఇచ్చేదంతా కిందికే ఇస్తుంది. మనవాళ్ళు ఏం చేస్తారు? పాతదాని ల్యూమెన్లు ఎన్ని, కొత్తదాని ల్యూమెన్లు ఎన్ని అని కేటలాగులో సరిచూసి, ఒకటి తీసి ఒకటి పెడతారు. లెక్క సరిపోయిందనుకుంటారు. టేబులు మీద మీటరు పెట్టి చూస్తే 800, 850 ఉంటుంది. ఎవరడిగారు? ఎవరూ అడగలేదు. పైగా మొదటి రోజు అందరూ "అబ్బ, ఎంత వెలుతురుగా ఉందో" అంటారు, పెట్టించినవాళ్ళకి సంతోషం. నాలుగో రోజు నుంచి తలనొప్పి అంటారు.

దీనికి మందు చాలా సులువు. దీన్ని ట్రిమ్ చెయ్యడం అంటాం. ఫిక్సరు డిమ్మింగుకి పనికొచ్చేదైతే, గరిష్ఠాన్నే తగ్గించి బిగించెయ్యడం. వంద శాతం అన్న చోట 75 శాతం పెట్టి, అదే ఇకపై వంద అనుకోమనడం. మన కన్ను వెలుతురుని లెక్కకి లెక్కగా చూడదు. వెలుతురు ఇరవై శాతం తగ్గిస్తే కంటికి ఇరవై శాతం తగ్గినట్టు అనిపించదు. నెమ్మదిగా, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిస్తే చాలామందికి తగ్గిందన్న సంగతే తెలియదు. నమ్మకం లేకపోతే మీ సొంత గదిలోనే చేసి చూడండి.

ఒక లెక్క వేద్దాం. ఇది ఏ బిల్డింగుదీ కాదు, అర్థం కావడానికి వేసుకుంటున్న లెక్క. ఒక ఫ్లోరులో 200 పాత ఫిక్సర్లు. ఒక్కోదానికి రెండు 36 వాట్ల ట్యూబులు, పాత రాగి చుట్టల చోక్ తినేది కూడా కలుపుకుంటే ఫిక్సరుకి 90 వాట్లు. మొత్తం 18 కిలోవాట్లు. రోజుకి 12 గంటలు, ఏడాదికి 300 రోజులు, అంటే 3,600 గంటలు. 64,800 యూనిట్లు. ఇప్పుడు 36 వాట్ల ఎల్ఈడీ ప్యానెళ్ళు పెట్టాం. 7.2 కిలోవాట్లు, 25,920 యూనిట్లు. అరవై శాతం తగ్గింది. అందరూ ఇక్కడే ఆగిపోతారు, చప్పట్లు కొట్టుకుంటారు.

ఆగకుండా ముందుకెళదాం. ట్రిమ్ చేసి 75 శాతానికి తెచ్చాం. 5.4 కిలోవాట్లు, 19,440. తర్వాత వెలిగే గంటలు 3,600 నుంచి 2,700కి తెచ్చాం. 14,580. అంటే ఎల్ఈడీ పెట్టాక మిగిలినదాంట్లో ఇంకో 44 శాతం పోయింది. కొత్త దీపం ఒక్కటీ కొనకుండా! మరి ఆ 900 గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మీరే చెప్పండి. ఖాళీ మీటింగ్ రూముల్లోంచి. రాత్రి ఊడ్చేవాళ్ళు ఒక మూల ఉంటే ఫ్లోరంతా వెలగడంలోంచి. కిటికీ పక్కన పట్టపగలు వెలిగే వరుసలోంచి.

చల్లదనానికి ఏసీ నడిచే చోట ఇంకో లాభం ఉంది, దీన్ని లెక్కలో వెయ్యడం చాలామంది మరిచిపోతారు. గదిలో వెలిగే ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది. ఆ వేడిని ఏసీ మళ్ళీ బయటికి తొయ్యాలి. మన లెక్కలో 18 నుంచి 5.4కి తగ్గాం, అంటే 12.6 కిలోవాట్ల వేడి తగ్గింది. కూలింగ్ ప్లాంటు ఒక వాటు తిని మూడు వాట్ల వేడిని తోస్తుందనుకుంటే, అక్కడ 4.2 కిలోవాట్లు ఆదా. చలికాలం హీటర్లు నడిచే చోట ఇది తిరగబడుతుంది, దీపాలిచ్చే వేడి తగ్గినంత మేర హీటరు ఎక్కువ నడవాలి. అందుకే సీజను చూడకుండా ఈ లెక్క వేసి అమ్మేవాళ్ళని నేను నమ్మను.

స్విచ్చు ఎక్కడ పెట్టారు?

ఆర్కిటెక్చర్ పిల్లలూ, ఇది మీకు. ఈ హాలునే చూడండి. స్క్రీను మీద నా లెక్కలు మీకు సరిగ్గా కనిపించడం లేదు, అవునా? స్క్రీను ముందున్న లైట్లు ఆర్పమన్నాను. ఆర్పితే వెనక వరుసలన్నీ చీకటయ్యాయి, మళ్ళీ వేశారు. ఎందుకు? స్క్రీను ముందున్నవీ మీ నెత్తి మీదున్నవీ ఒకే స్విచ్చు మీద ఉన్నాయి. వైరింగు నిలువుగా లాగారు, అడ్డంగా లాగాల్సింది. ఇందులో ఎల్ఈడీ తప్పేముంది? ఇక్కడ దీపాలు నిజానికి మంచివే.

ఆఫీసులోనూ ఇదే గొడవ. కిటికీకి సమాంతరంగా వరుసలు విడిపోవాలి. కిటికీ పక్క వరుస ఒక స్విచ్చు, దాని వెనకది ఇంకోటి, లోపలిది మరోటి. పగటి వెలుతురు లోపలికి ఎంత దూరం వస్తుంది? కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. అది మోటు లెక్కే గానీ పనికొస్తుంది. అంత మేరా పగలు దీపం అక్కర్లేకుండా గడపొచ్చు. బయట ఎండలో లక్ష లక్స్ ఉంటుంది, మబ్బు పట్టిన రోజైనా పది వేలు. మనకి కావాల్సింది 500.

మరి ఎందుకు గడవదు? బ్లైండ్లు. ఉదయం ఎండ నేరుగా మానిటరు మీద పడుతుంది. పక్కనున్నాయన లేచి బ్లైండు దించుతాడు. గది చీకటవుతుంది, లైటు వేస్తాడు. పది గంటలకి ఎండ అటు తిరిగిపోతుంది. బ్లైండు? అది అలాగే ఉంటుంది. సాయంత్రం దాకా, ఒక్కోచోట నెలల తరబడి. బయట పట్టపగలు, లోపల బ్లైండు దించి లైట్లు! ఏ బిల్డింగుకైనా వెళ్ళి బయట నుంచి తలెత్తి చూడండి, ఎన్ని కిటికీలు మూసి ఉన్నాయో. ఆయన్ని తప్పు పట్టకండి. కళ్ళల్లో ఎండ కొడుతుంటే ఎవరైనా దించుతారు. తప్పు గాజు పెట్టినవాళ్ళది. కిటికీని రెండు భాగాలు చేసి, పై భాగం నుంచి వెలుతురు సీలింగు మీదికి మళ్ళేలా ఒక అరలాంటిది కట్టి, కింది భాగానికే బ్లైండు పెడితే, దించినా వెలుతురు వస్తూనే ఉంటుంది. సీలింగుకి తెల్ల రంగు వెయ్యండి. ముదురు రంగు సీలింగు ఫొటోల్లో బాగుంటుంది, వచ్చిన వెలుతురునంతా మింగేస్తుంది.

సెన్సర్లూ, వాటిని ఓడించిన మనుషులూ

ఇక సెన్సర్లు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఏమీ అనుకోకండి. డబ్బు ఎక్కువ పొయ్యేదీ, పరువు పొయ్యేదీ ఇక్కడే.

సీలింగులో గుండ్రంగా, తెల్లగా, పాల రంగు లెన్సుతో ఒకటి ఉంటుంది చూడండి, అది పీఐఆర్. ఒంటి వేడిని చూస్తుంది. వేడి ఒక గడి నుంచి ఇంకో గడికి కదిలితే మనిషి ఉన్నాడని పసిగడుతుంది. అంటే అడ్డంగా నడిచే మనిషిని బాగా పడుతుంది, తిన్నగా తన వైపే వచ్చేవాణ్ణి అంత బాగా పట్టదు, కదలకుండా కూర్చుని టైపు చేసేవాణ్ణి ఇంకా తక్కువ పడుతుంది. అడ్డుగోడ వెనక ఉన్నవాణ్ణి అసలు చూడదు. టాయిలెట్లలో లోపల మనిషుండగా లైటు ఆరిపోయేది అందుకే. నవ్వుతున్నారంటే అందరికీ అనుభవమే అన్నమాట! అలాంటి చోట అల్ట్రాసానిక్ వాడాలి, లేదా రెండూ కలిపినది. అది గాలిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన తేడాని బట్టి కదలికని గుర్తిస్తుంది, అడ్డుగోడల పైనుంచీ కిందనుంచీ కూడా పోతుంది.

ఇప్పుడు కథ వినండి. ఒక ఆఫీసు. పేరొద్దు. సెన్సర్లు పెట్టి, మనిషి కనబడకపోతే ఐదు నిమిషాల్లో ఆరిపోయేలా సెట్ చేసి వెళ్ళిపోయారు. అకౌంట్స్ వాళ్ళు తల దించుకుని లెక్కలు చూసుకుంటారు. ఐదు నిమిషాలకోసారి చీకటి. ఎవరో ఒకరు చేతులు గాల్లో ఊపాలి. రెండు వారాలు ఊపారు. మూడో వారం వాళ్ళ ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని పైకెక్కి, సెన్సర్ లోపలికొచ్చే వైరునీ బయటికెళ్ళే వైరునీ కలిపి చుట్టేశాడు. అయిపోయింది. సెన్సరు గోడకి బొమ్మలా ఉంది, లైట్లు ఇరవై నాలుగు గంటలూ వెలుగుతున్నాయి. ఎందుకంటే సెన్సరే ఆర్పుతుంది కదా అని గోడ మీద స్విచ్చు పెట్టనేలేదు! సెన్సరు పెట్టక ముందు కనీసం రాత్రి వాచ్‌మాన్ ఆర్పేవాడు.

అదే ఫ్లోరులో కిటికీ వైపు ఫొటోసెల్. బయటి వెలుతురుని బట్టి దీపాలని తగ్గించేది. దాని మీద తెల్ల కాగితం మడిచి, పారదర్శక టేపుతో నీట్‌గా అంటించారు. ఆ టేపు వేసిన మనిషికి ఫొటోసెల్ ఎలా పనిచేస్తుందో చాలా బాగా తెలుసు. కాగితం అడ్డం వస్తే బయట చీకటనుకుని లైట్లు పూర్తిగా వెలిగిస్తుంది. మబ్బు కదిలినప్పుడల్లా నెత్తి మీద దీపం పెరుగుతూ తగ్గుతూ ఉంటే, పని చేసుకునే మనిషికి ఒళ్ళు మండదా? దాన్ని మెల్లగా, కనిపించనంత మెల్లగా మారేలా సెట్ చెయ్యొచ్చు. అది పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించలేదు.

నేను చెప్పేది ఏంటంటే, మనిషిని విసిగించే సెట్టింగుని మనిషి ఓడిస్తాడు. తప్పకుండా ఓడిస్తాడు. కాబట్టి కాస్త వదులుగా సెట్ చెయ్యండి. ఆఫీసులో ఐదు వద్దు, పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. కాయితం మీద ఆదా తగ్గుతుంది, నిజంగా వచ్చే ఆదా పెరుగుతుంది. ఆరేటప్పుడు ఠక్కున ఆరనివ్వకండి, ముందు సగానికి తగ్గనివ్వండి, లోపలున్నవాడు చెయ్యి కదిపే సందివ్వండి. క్యాబిన్లలో అయితే నా ఓటు ఎప్పుడూ ఒకదానికే. వెలిగించడం మనిషే వెలిగించాలి, ఆర్పడం మాత్రం సెన్సరు ఆర్పాలి. కాగితం తీసుకోవడానికి లోపలికొచ్చిన మనిషికి లైటు అక్కర్లేదు, కిటికీ వెలుతురు చాలు. తలుపు తియ్యగానే వెలిగే లైటు ఆ అవకాశం ఇవ్వదు.

డబ్బు తొందరగా తిరిగొచ్చేది ఎక్కడో తెలుసా? పార్కింగులో, మెట్ల దారుల్లో. ఏడాదికి 8,760 గంటలు, అన్ని గంటలూ వెలుగుతాయి. మనిషి కనిపించేది అందులో ఎంత? పూర్తిగా ఆర్పొద్దు, భయమేస్తుంది, ప్రమాదం కూడా. ఎవరూ లేనప్పుడు 20 శాతం దగ్గర ఉంచి, కదలిక వచ్చినప్పుడు పూర్తిగా వెలగనివ్వండి. మీ దేశంలో ఎగ్జిట్ దారులకి కనీస వెలుతురు ఎంతుండాలో నిబంధన చూసుకుని ఆ శాతం పెట్టండి. ఎమర్జెన్సీ లైట్ల సర్క్యూటు జోలికి మాత్రం పోకండి.

కాంట్రాక్టర్ మిత్రులకి నాలుగు ముక్కలు. పాత ఫిక్సర్లోనే ఎల్ఈడీ ట్యూబు తొడిగేటప్పుడు, పాత చోక్ మీదే నడిచే రకం ఒకటుంది, చోక్ తీసేసి నేరుగా మెయిన్స్ ఇచ్చే రకం ఒకటుంది. చోక్ అలాగే ఉంచితే అది తన వాటా తింటూనే ఉంటుంది, చెడిపోతే దీపమూ పోతుంది. నేరుగా ఇచ్చేదైతే ఫిక్సరు మీద లేబులు అంటించండి. రేపు ఎవరో తెలియక మామూలు ట్యూబు తొడిగితే ప్రమాదం. ఇంకోటి, ఇరవై ముప్ఫై డ్రైవర్లు, అంటే ఎల్ఈడీకి కావాల్సినట్టు కరెంటుని మార్చి ఇచ్చే డబ్బాలు, ఒకే ఎంసీబీ మీద, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు మీద, పెట్టి ఒక్కసారి స్విచ్చు వేస్తే మొదటి క్షణంలో లాగే ఇన్‌రష్ కరెంటుకి ఎంసీబీ పడిపోతుంది. నడిచే కరెంటు లెక్క చూసి "చాలా తక్కువే కదా సార్" అంటారు. డ్రైవరు డేటా షీటులో ఒక ఎంసీబీకి ఎన్ని డ్రైవర్లో రాసి ఉంటుంది, అది చదవండి.

50,000 గంటలు అని డబ్బా మీద రాస్తారు. సాధారణంగా దాని అర్థం అప్పటికి వెలుగు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి పడుతుందని. ఆరిపోతుందని కాదు. ముందు పోయేది చాలాసార్లు డ్రైవరే, అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. ఫాల్స్ సీలింగు పైన గాలాడని చోట డ్రైవరు పెట్టి ఇన్సులేషను కప్పేస్తే ఎంత గొప్ప కంపెనీదైనా అంతే. డ్రైవరు విడిగా మార్చుకునే వీలున్న ఫిక్సరే కొనండి. రంగులు సరిగ్గా కనిపించాలి కాబట్టి రంగుల కొలమానం సీఆర్ఐ 80కి తగ్గొద్దు, కళ్ళకి గుచ్చకుండా ఆఫీసులో మిరుమిట్ల కొలమానం యూజీఆర్ 19 దాటొద్దు. చౌక డ్రైవర్లలో వెలుగు సెకనుకి వందసార్లు ఎగసి పడుతుంటుంది. కంటికి కనబడదు, ఫోను కెమెరాలో చారలు కనిపిస్తాయి. కొనే ముందు శాంపిల్ వెలిగించి కెమెరా పెట్టి చూడండి.

పాత ట్యూబులని చెత్తలో వెయ్యకండి, పగలగొట్టకండి. వాటిల్లో పాదరసం ఉంటుంది. 2023లో జెనీవాలో పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందం దేశాలన్నీ కూర్చుని, 2027 నాటికి ఈ ట్యూబులైట్ల లాంటి ఫ్లోరొసెంట్ దీపాల తయారీ, ఎగుమతి దిగుమతులు ఆపెయ్యాలని నిర్ణయించాయి. కాబట్టి "ఇంకా వెలుగుతున్నాయి కదా" అని ఆగినా, మార్చక తప్పని రోజు దగ్గర్లోనే ఉంది. మార్చేటప్పుడు ఒకటికి ఒకటి మార్చకండి, సీలింగు గీసుకుని మొదటి నుంచి లెక్క వేయించండి. అమెరికా ఇంజనీర్ల సంఘం ఏష్రే వాళ్ళ 90.1 ప్రమాణం చూడండి. ఆఫీసు బిల్డింగుకి 1999లో దీపాలకి చదరపు మీటరుకి సుమారు 14 వాట్లు అనుమతించింది. 2019 నాటికి అది 7 లోపుకి వచ్చింది. మీ డిజైనరు ఇచ్చిన డ్రాయింగులో మొత్తం వాట్లని విస్తీర్ణంతో భాగించండి. 10 వస్తే వెనక్కి పంపించండి, మొహమాటపడకండి.

చివరగా అప్పగింతల సంగతి. డాలీ అని రెండు తీగల మీద నడిచే కంట్రోల్ పద్ధతి ఉంది, ఒక్కో లైనుకి 64 డ్రైవర్ల దాకా, ఒక్కోదానికి ఒక్కో అడ్రసు. ఎంత చక్కగా పెట్టినా, ఆ సిస్టం పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుంది? పెట్టినవాళ్ళ దగ్గర. వాళ్ళు ఇంకో పనికి వెళ్ళిపోతారు, ఫోను ఎత్తరు. ఏడాది తర్వాత పార్టిషన్లు మారతాయి, అకౌంట్స్ ఉన్న చోటికి ట్రెయినింగ్ వస్తుంది, సెట్టింగు మాత్రం పాతదే. అందుకని ఆఖరి బిల్లు ఆపి ఉంచండి. ఏ జోనులో ఎంత లక్స్, ఎన్ని నిమిషాలకి ఆరుతుంది, ఎంత శాతానికి ట్రిమ్ చేశారు, ఇవన్నీ ఒక షీటు మీద రాసి, పాస్‌వర్డుతో సహా మీ చేతికిచ్చాకే చెక్కు ఇవ్వండి. వాళ్ళు మూడు నెలలకి ఒకసారి మళ్ళీ వచ్చి సెట్టింగులు సరిచెయ్యాలన్న మాట కాంట్రాక్టులో రాయించండి. మనుషులు వచ్చి కూర్చుని పని మొదలుపెట్టాక గానీ ఆ సెట్టింగు సరైనదో కాదో తెలియదు.

నా సమయం అయిపోయినట్టుంది. అక్కడ కాంట్రాక్టర్ల వైపు నుంచి ఇందాకట్నుంచి ఒక చెయ్యి లేచే ఉంది. ఎంసీబీ గురించే అయ్యుంటుంది, అడగండి.